అమ్మ లైఫ్ జాకెట్ విప్పలేదు

రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. పడవ పైన వరుసగా రంగు లైట్లు, మధ్యలో డాన్సర్లు, ఒక మూల బఫే, వెనకాల నదిలోకి దిగిపోతున్న సూర్యుడు. కింద కామెంట్లలో అందరిదీ ఒకటే ప్రశ్న: 'ఎంత బ్రో? ఎక్కడ బుక్ చెయ్యాలి?' నేను కూడా అట్లా అడిగినవాణ్ణే. ఇప్పుడు నా ఫ్రెండ్స్ నన్ను అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

మాది వడమాలపేట. తిరుపతి నుంచి పుత్తూరు దారిలో టోల్‌గేట్ ఉండే ఊరు అంటే చాలామందికి తెలుస్తుంది. మా వైపు నది అంటే ఇసుక. స్వర్ణముఖి అని పేరు మాత్రం ఘనంగా ఉంటుంది కానీ, ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో క్రికెట్ ఆడుకోవచ్చు. 2021 నవంబరులో ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది, తిరుచానూరు దగ్గర ఇల్లు ఏట్లోకి కూలిపోయిన వీడియో దేశమంతా చూసింది. అంటే మాకు నీళ్ళు ఉంటే అస్సలు ఉండవు, వస్తే ఇంట్లోకే వస్తాయి. అట్లాంటి ఊరివాడికి పడవలో భోజనం అంటే ఎంత గొప్పగా ఉంటుందో ఊహించుకోండి.

నా మొదటి 'డిన్నర్ క్రూజ్' నది మీద కాదు, హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ మీద. మొదటి ఉద్యోగంలో టీమ్ పార్టీ. లాంచీ బుద్ధుడి చుట్టూ ఒక రౌండ్ వేసింది. బిర్యానీ బాగుంది, డీజే బాగుంది, గాలి తిరిగినప్పుడు మాత్రం బిర్యానీ వాసన ఓడిపోయి సాగర్ వాసన గెలిచేది. ఆ విగ్రహాన్ని 1990లో బార్జి మీద తీసుకుపోతుంటే బార్జి ఒరిగి, మనుషుల ప్రాణాలు పోయాయి. విగ్రహం నీళ్ళ అడుగున రెండేళ్ళు పడి ఉంటే 1992లో పైకి తీసి నిలబెట్టారు. ఆ సంగతి ఆ రాత్రి ఎవరూ చెప్పలేదు. నేను తర్వాత గూగుల్‌లో చదివాను. పార్టీ పడవల్లో అట్లాంటి కబుర్లు చెప్పరు కదా.

అసలు కోరిక గోదావరి. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' వచ్చినప్పుడు నేను చిన్నపిల్లోణ్ణి. టీవీలో ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు అమ్మ పని ఆపి చూసేది. 'ఒకసారి అట్లా పోవాల' అనేది. నాయన ఆర్టీసీ కండక్టరు. పండగ రోజు కూడా డ్యూటీ ఉండే ఉద్యోగం, ఇంక రాజమండ్రి ఎక్కడ పోతారు?

తర్వాత అమ్మ ఆ మాట అనడం మానేసింది. ఎప్పుడు మానేసిందో కూడా నాకు తెలుసు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలకు బయలుదేరిన టూరిస్టు పడవ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. నది వరదలో ఉంది. 77 మంది ఎక్కితే 26 మంది బయటపడ్డారు. ఎక్కినవాళ్ళలో తిరుపతి వాళ్ళూ ఉన్నారు. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న ఆ పడవను పైకి లాగేదాకా అమ్మ టీవీ ముందునుంచి కదల్లేదని చెల్లి చెప్పింది. ఆ తర్వాత నేను చెన్నై బీచ్‌కు పోయినా సరే, 'నీళ్ళ దగ్గరికి పోవద్దు రా' అని ఫోన్ వచ్చేది.

పోయిన డిసెంబరులో నాయన రిటైర్ అయినాడు. సంక్రాంతి కాగానే ఇద్దరినీ తీసుకుపోవాలని నిర్ణయించుకున్నా. ఇక్కడ నేనొక తప్పు చేశాను, ఒప్పుకుంటున్నా. అమ్మకు పడవ సంగతి చెప్పలేదు. 'రాజమండ్రిలో గోదావరి స్నానం, పక్కనే గండిపోచమ్మ గుడి, అంతే' అన్నాను. నేను బెంగుళూరులో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వాళ్ళు తిరుపతిలో ఎక్కారు. అమ్మ డబ్బాలో సంగటి ముద్దలు, చెనిగ్గింజల ఊరిబిండి తెచ్చింది, ఆ పక్క కూడు మనకు పడుతుందో లేదో అని.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు చెప్పేస్తా. గోదావరి మీద, పాపికొండల దారిలో, రాత్రి లైట్లు వేసుకుని తిరిగే డిన్నర్ పడవ కావాలంటే కుదరదు. పొద్దున బయలుదేరి చీకటి పడకముందే ఒడ్డుకు చేరాలి. మలుపులు, సుడులు ఉన్న నది అది. కచ్చులూరు ప్రమాదం తర్వాత రెండేళ్ళు పడవలే ఆపేశారు. ఒడ్డున కంట్రోల్ రూములు పెట్టి, 2021 నవంబరులో మళ్ళీ మొదలుపెట్టారు. వరద రోజుల్లో ఇప్పటికీ ఆపేస్తారు. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చూసుకోండి. మనిషికి వెయ్యి పైచిలుకు అవుతుంది, అందులోనే రాజమండ్రి నుంచి బస్సు, టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ. మందు ఉండదు. దానికోసమే పోయేవాళ్ళు గోవా చూసుకోండి. కొండల మధ్యకు పోయాక ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. నేను ఆన్‌కాల్‌లో ఉన్నా. సిగ్నల్ పోయిన మొదటి అరగంట భయంగా ఉండింది, తర్వాత భలే ఉండింది.

గండిపోచమ్మ గుడి దర్శనం అయింది. మెట్లు దిగుతుంటే పడవ కనపడింది. అమ్మ నా మొహం చూసింది.

'స్నానం అన్నావు కదరా?'

నేను నీళ్ళు నమిలాను.

'పడవ ఎక్కేదానికని ముందే చెప్పింటే నేను రానని చెప్తానని కదా, చెప్పలేదు?'

అవునన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. వెనక్కి పోదామని నేనే అన్నాను, నిజంగానే అన్నాను. నాయన ఏమీ మాట్లాడకుండా పోయి, పేర్లు, ఆధార్ నంబర్లు రాసుకుంటున్న టేబుల్ దగ్గర నిలబడి కాసేపు చూసి వచ్చాడు. 'మా బస్సులో లెక్క రాసినట్టే రాస్తా ఉండారు. మనుషుల్ని లెక్కబెట్టే పంపిస్తారు' అన్నాడు. అమ్మకు ఆ మాట పనిచేసింది. టేబుల్ మీద నుంచి లైఫ్ జాకెట్ తీసుకుని వేసుకుంది. బెల్టులు గట్టిగా లాగింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎల్‌కేజీలో షూ లేసులు చూసినట్టు, నా బకిల్స్ ఒక్కొక్కటీ లాగి చూసింది.

ఎంటర్‌టైన్‌మెంట్ గురించి అడుగుతారు కదా. మైకు పట్టుకున్న ఒకాయన ఉంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన నోరు ఆగదు. కొత్త జంటలను లేపి డాన్స్ చేయిస్తాడు, పిల్లలకు పాటల పోటీ పెడతాడు, అంకుల్స్‌ను ఆటపట్టిస్తాడు. ఇద్దరు ముగ్గురు డాన్సర్లు సినిమా పాటలకు ఆడతారు. సౌండ్ చెవులు పగిలేట్టు ఉంటుంది. కొండల అందం చూడాలనుకునేవాళ్ళకు ఇది శిక్ష, గుంపుగా పోయేవాళ్ళకు పండగ. నేను మధ్యస్తం. భోజనం మాత్రం నిజంగా బాగుంది: పులిహోర, పప్పు, వేపుడు, సాంబారు, పెరుగు. అమ్మ పప్పు రెండోసారి వేయించుకుంది కానీ, 'కారం లేదు' అని ఊరిబిండి డబ్బా మూత తీసింది. పక్క టేబుల్ వాళ్ళకు కూడా పంచింది. సంగటి ముద్ద చూసి ఒక వైజాగ్ అమ్మాయి ఫోటో తీసుకుంది.

అసలు విషయం జాకెట్లు. ఎక్కేటప్పుడు అందరూ వేసుకున్నారు. పడవ కదిలిన అరగంటకు ఒక్కొక్కటే ఊడటం మొదలైంది. ఎండ, చెమట, అన్నిటికంటే ముఖ్యంగా ఫోటోలు. పట్టుచీర మీద ఆరెంజ్ జాకెట్ బాగుండదు కదా. డాన్స్ చేసేవాళ్ళను 'తీసేసి ఫ్రీగా ఆడండి' అని మైకులోనే పిలిచారు. నేనూ తీసేశాను. తీసిన రెండో నిమిషానికి అమ్మ నా ముందు నిలబడింది, నా జాకెట్ చేతిలో పట్టుకుని. ఆ రోజు నా ఫోటోలన్నిట్లో నేను ఆరెంజ్ రంగులోనే ఉన్నాను.

ఇంకోటి కూడా చెప్పాలి. కూర్చుంటే పైన గాలి తగిలేచోట, బయటికి దారి ఉన్నచోట కూర్చోండి. 2018 మే నెలలో మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగినప్పుడు, వాన కొడుతోందని తలుపులు కిటికీలు మూసుకుని లోపల ఉన్నవాళ్ళు బయటికి రాలేకపోయారు. ఏసీ కోసం కింద మూల సీటు అడగొద్దు.

కచ్చులూరు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేదు. అమ్మే కనుక్కుంది, ప్లేట్లు తీస్తున్న పెద్దాయన్ని అడిగి. ఆయన చేత్తో చూపించలేదు, గడ్డం ఎత్తి చూపించాడు. 'ఆ ఒంపులోనండి' అన్నాడు మెల్లగా. మైకులో అప్పుడు కపుల్ డాన్స్ నడుస్తోంది. విజిల్స్. గోదావరి మాత్రం ఎంత నిదానంగా ఉందంటే, ఇక్కడ ఏదో జరిగిందంటే నమ్మలేం. అమ్మ స్నానం దగ్గర వదలడానికి తెచ్చుకున్న పసుపు కుంకుమ పొట్లం విప్పి నీళ్ళలోకి వదిలింది. కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. ఆ శబ్దంలో నాకు వినపడలేదు.

నాయన అప్పటిదాకా కుర్చీలో ఊరికే కూర్చున్నాడు అనుకున్నా. ఆయన లెక్కబెడుతున్నాడంట. లేచి మైకాయన దగ్గరికి పోయి, 'అందర్నీ జాకెట్ వేసుకోమని ఒక మాట చెప్పండి సార్' అన్నాడు. ఆయన నవ్వి, 'అంకుల్‌కు భయమేస్తోందండోయ్' అని మైకులో అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తలకొట్టేసినట్టయింది. నాయనను వెనక్కి పిలుద్దామని లేచాను కూడా.

నాయన వెనక్కి రాలేదు. రెండు వరసల మధ్య నడుస్తూ, ముప్పై ఏళ్ళు పల్లెవెలుగు బస్సులో అరిచిన గొంతుతో అరిచాడు: 'జాకెట్టు లేనోళ్ళు ఎవురు? ఎవురమ్మా జాకెట్టు లేనోళ్ళు? సామీ, మీకుందా?'

మైకు అక్కర్లేని గొంతు అది. ఒక్క క్షణం అందరూ జేబులు తడుముకున్నంత పని చేశారు. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. కానీ ఈసారి నవ్వుతూనే జాకెట్లు తీశారు. ఆ వైజాగ్ అమ్మాయి, 'టికెట్ తీసుకుంటున్నాం కండక్టర్ గారూ' అంటూ వేసుకుంది. ఒక ముసలావిడకు బకిల్ పడకపోతే నాయనే పెట్టాడు. వేసుకోనివాళ్ళు ఒక పది మంది మిగిలారు. వాళ్ళ దగ్గరికి రెండో ట్రిప్ వేశాడు. చివరికి మైకాయనే, 'చెకింగ్ ఇనస్పెక్టర్ దిగేదాకా తప్పదు' అని తనూ ఒకటి తగిలించుకున్నాడు.

పాపికొండలు గురించి నేను వర్ణించను. నది రెండు కొండల మధ్య సన్నబడిపోయే చోట డీజే కూడా వెలవెలబోయింది, అంతవరకు చెప్పగలను. పేరంటపల్లిలో దిగి ఆశ్రమం, శివాలయం చూశాం. కొండరెడ్ల దగ్గర అమ్మ వెదురు బుట్ట కొంది. బేరమాడలేదు. మా సంతలో రూపాయి దగ్గర కూడా బేరమాడే మనిషి.

రీల్స్‌లో చూపించే సాయంత్రం తిరుగు ప్రయాణంలో వస్తుంది. నాలుగు దాటాక టీ, మిరపకాయ బజ్జీ ఇచ్చారు. ఎండ పసుపు నుంచి నారింజకు మారుతోంది. మైకాయన గొంతు అప్పటికి బొంగురుపోయింది, పాటలు ఆపేశాడు. ఇంజన్ శబ్దం మాత్రమే. టికెట్టు డబ్బులు ఆ అరగంటకే సరిపోయాయి నాకు.

దేవీపట్నం వైపు వచ్చేసరికి ఒడ్డున ఇళ్ళు కనపడ్డాయి. తలుపుల్లేవు, కిటికీల్లేవు, కొన్నిటికి పైకప్పు లేదు. పోలవరం కోసం ఖాళీ చేయించిన ఊళ్ళు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఇటువైపంతా నీళ్ళే. 'ఈ ఊరోళ్ళంతా యాడికి పోయినారు?' అని అమ్మ ఆ పెద్దాయన్ని అడిగింది. 'కాలనీలిచ్చారండి. మాదీ అక్కడే' అన్నాడు. కాసేపాగి, 'అన్నీ ఉన్నాయండి. పొద్దున్నే లేస్తే ఎదురుగా గోదారుండదు, అదొక్కటేనండి' అన్నాడు. అందుకే పడవ పనికి వస్తున్నాడంట. అమ్మ ఆయనకు మిగిలిన ఊరిబిండి డబ్బాతో సహా ఇచ్చేసింది. ఆయన వద్దంటే, 'నెలరోజులు చెడిపోదు, తిను నాయనా' అని చేతిలో పెట్టింది.

ఒడ్డు చేరాక మనుషుల్ని మళ్ళీ లెక్కబెట్టారు. అక్కడ నాయన కూడా పక్కన నిలబడి పెదాలు కదిలించడం చూశాను. రాత్రి రాజమండ్రి హోటల్లో భోంచేస్తుంటే అమ్మకు సారీ చెప్పాను. వినపడనట్టే ఫోన్ చూసుకుంటూ ఉండింది. కాసేపటికి చెల్లి దగ్గర్నుంచి నాకు స్క్రీన్‌షాట్ వచ్చింది. అమ్మ వాట్సాప్ డీపీ మార్చింది: ముగ్గురం, మూడు ఆరెంజ్ జాకెట్లు, వెనకాల గోదావరి.

'ఇంకోసారి పడవ అంటే ముందే చెప్పు' అంది అమ్మ, చెయ్యి కడుక్కుంటూ. 'ఊరిబిండి ఎక్కువ చేసుకోనొస్తా.'