బారోడేల్ లేఖలు: ఊరి పేర్లు

మొదటి లేఖ: గ్రేంజ్ నుంచి

ఇంగ్లండు వాయవ్యాన, కంబ్రియా కొండల నడుమ ఉన్న గ్రామీణ పారిష్ బారోడేల్. పారిష్ అంటే ఒకప్పుడు ఒక చర్చి పరిధి. ఇప్పుడది పంచాయతీ లాంటి పాలనా విభాగం కూడా. కెజిక్ పట్నం నుంచి డెర్వెంట్‌వాటర్ సరస్సు ఒడ్డునే దక్షిణంగా వస్తే లోయ మొదట్లో గ్రేంజ్ తగులుతుంది.

ఇక్కడి పేర్లలో బాగా పాతది ఈ లోయలో పారే నదిది. డెర్వెంట్ అన్నది ఇంగ్లీషు రాకముందు ఈ నేల మీద మాట్లాడిన బ్రిటానిక్ భాషలోని మాట. ఓక్ చెట్ల నది అని అర్థం. ఆ చెట్లు లోయ వాలుల్లో నేటికీ గుబురుగా ఉన్నాయి. ఊళ్ళకు కొత్తగా వచ్చినవాళ్ళు తమ పేర్లు పెట్టుకున్నా, నదుల పాత పేర్లు నిలిచిపోవడం బ్రిటన్‌లో చాలాచోట్ల కనిపిస్తుంది.

బారోడేల్ నార్స్ మాట, అంటే పాత స్కాండినేవియా భాషలోది: కోట వాగు లోయ. ఆ కోట గ్రేంజ్‌కు ఎగువన ఉన్న కాజిల్ క్రాగ్ గుట్ట మీదిదని పండితుల ఊహ. గ్రేంజ్ పేరు ఇంకా తర్వాతిది. 1209లో ఫర్నెస్ మఠం ఈ లోయను కొన్నది. మఠం సేద్యం నడిచే, పంట దాచే చోటును గ్రేంజ్ అనేవారు. మఠాలు పోయినా ఆ పేరు మిగిలింది.

రెండో లేఖ: రోస్థ్వెయిట్ నుంచి

లోపలికి వెళ్ళేకొద్దీ పేర్ల చివర ‘థ్వెయిట్’ మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. చెట్లు, తుప్పలు నరికి బాగుచేసిన చెలక అని ఆ నార్స్ మాటకు అర్థం. 9, 10 శతాబ్దాల్లో ఐర్లండ్, మాన్ దీవుల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ నార్స్ రైతులు దాన్ని తెచ్చారు. రోస్థ్వెయిట్ రాళ్ళ కుప్పల చెలక. పక్కనున్న స్టోన్‌థ్వెయిట్ రాతి చెలక. పొలాల చుట్టూ సున్నం లేకుండా పేర్చిన గోడలు చూస్తే, ఏరేసిన రాళ్ళు ఎక్కడికి పోయాయో అర్థమవుతుంది. ఈ స్టోన్‌థ్వెయిట్ కోసం ఫర్నెస్, ఫౌంటెన్స్ మఠాలు తగవులాడుకుంటే రాజు స్వాధీనం చేసుకుని, 1304లో 40 షిల్లింగులకు ఫౌంటెన్స్‌కే అమ్మాడు.

మూడో లేఖ: సీథ్వెయిట్ నుంచి

లోయ కొసన ఉన్న సీథ్వెయిట్, సీటాలర్ పేర్లు చదివేవారిని తప్పుదోవ పట్టిస్తాయి. ఇంగ్లీషు వర్ణక్రమంలో మొదటిదాంట్లో సముద్రం, రెండోదాంట్లో ఆసనం కనిపిస్తాయి. నిజానికి మొదటిది నార్స్ ‘సెఫ్’, అంటే తుంగ: సీథ్వెయిట్ తుంగ చెలక. ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్ల వాన పడే ఈ ఊరికి ఆ పేరు సరిగ్గా అతికింది. రెండోది ‘సాయెటర్’, అంటే వేసవిలో పశువులను తోలుకెళ్ళే కొండ మేత చోటు: సీటాలర్ ఆల్డర్ చెట్ల మేత చోటు. అందుకే పేరుకు అర్థం చెప్పేవారు నేటి పలుకును నమ్మరు. పాత దస్తావేజుల్లో దొరికే తొలి రూపం నుంచి మొదలుపెడతారు.

నాలుగో లేఖ: వాటెండ్‌లత్ నుంచి

కొండెక్కితే చిన్న చెరువు, దాని కొసన నాలుగు ఇళ్ళు, రాతి వంతెన. వాటెండ్‌లత్ పేరును విడదీస్తే ‘వత్న్’ నీరు, ‘ఎండి’ కొస, ‘హ్లాద’ కొట్టం. నీటి కొసన ఉన్న కొట్టమన్న మాట. ఆ కొట్టం ఎవరిదో పేరు చెప్పదు. చెరువు కొస మాత్రం అక్కడే ఉంది.