చలిదేశంలో వెచ్చని మనుషులు

ప్రవేశిక: సేవాకార్యం మీద పరదేశం వెళ్ళిన ఒక నర్సు తన అనుభవాన్ని ఈ వ్యాసంలో చెప్పింది. భాష తెలియని చోట స్నేహం ఎలా కుదిరిందో గమనిస్తూ చదవండి.

మాది గుంటూరు జిల్లా. మే నెలలో 45 డిగ్రీల ఎండకు అలవాటుపడిన ప్రాణం నాది. 2012 జనవరిలో మా చర్చి పంపిన వైద్యబృందంతో రెండు వారాల పాటు మంగోలియా వెళ్ళాను. ఆ దేశ రాజధాని ఉలాన్‌బాతర్. ప్రపంచంలోని రాజధానులన్నిటిలోకీ చలి ఎక్కువ అక్కడే. రాత్రిళ్ళు మైనస్ 30 డిగ్రీలకు దిగిపోతుంది. బయటికి వస్తే కనురెప్పల మీద మంచు పేరుకుంటుంది.

నగరం చుట్టూ కొండవాలుల్లో గుడారాల పేటలున్నాయి. ఆ గుండ్రటి గుడారాన్ని 'గెర్' అంటారు. కర్రల చట్రం మీద, గొర్రె ఉన్నిని అదిమి చేసిన మందపాటి కప్పు వేస్తారు. గుమ్మం దక్షిణానికి ఉంటుంది. నడుమ ఇనప పొయ్యి. 2009-10 చలికాలంలో మేత దొరక్క ఆ దేశంలో 80 లక్షలకు పైగా పశువులు చచ్చిపోయాయి. అలాంటి విపత్తును వారు 'జుద్' అంటారు. మందలు పోగొట్టుకున్న కాపరులు ఎందరో ఈ పేటలకు చేరారు.

మేము వెళ్ళిన ఒక గెర్‌లో ఒక అవ్వ, ఆరేళ్ళ మనవరాలు ఉన్నారు. పిల్లకు ఉబ్బసం. పొయ్యిలో మండేది ముడిబొగ్గు. పొగ పీలిస్తే ఊపిరాడదు. పొయ్యి ఆర్పితే చలికి ప్రాణం నిలవదు. డాక్టరుగారు పీల్చే మందు ఇచ్చారు. దాన్ని వాడే తీరు నేను అవ్వకు నేర్పాను. పొగగొట్టం అతుకులను మా బృందంలోని ఒకాయన బిగించారు. మా చేతనైంది అంతే.

అవ్వ ఉప్పు వేసిన పాలటీ ఇచ్చింది. కుడిచేత్తో అందిస్తూ, ఎడమచేతిని మోచేతికి ఆనించింది. పెద్దలకు ఇచ్చేటప్పుడు మన ఊళ్ళలోనూ అంతే కదా! నా కాళ్ళు మొద్దుబారడం చూసి, బూట్లు విప్పించి, పాదాలను ఒళ్ళో పెట్టుకుని రుద్దింది. తన ఉన్ని మేజోళ్ళు తొడిగింది. వద్దని చేతులూపాను. "నేను ఇంట్లోనే ఉంటాను. నువ్వు ఇంకా పది ఇళ్ళు తిరగాలి" అంటోందని దుబాసి చెప్పాడు.

ఆ తరవాత రోజూ సాయంత్రం అక్కడికే వెళ్ళేదాన్ని. 'బయర్లలా' అంటే కృతజ్ఞతలని పిల్ల నేర్పింది. నేను 'అవ్వ' అనే మాట నేర్పితే పకపకా నవ్వింది. వాళ్ళ భాషలో 'ఆవ్' అంటే నాన్నట!

2019లో ఆ నగరంలో ముడిబొగ్గు కాల్చడాన్ని నిషేధించారని చదివినప్పుడు, ముందు ఆ పిల్లే గుర్తొచ్చింది. ఇప్పుడు ఇరవై ఏళ్ళ ఈడుకు వచ్చి ఉంటుంది. సేవ చేయడానికి వెళ్ళినవారు సేవ పొందడమూ నేర్చుకోవాలి. ఎదుటివారు ప్రేమతో ఇచ్చినదాన్ని పుచ్చుకున్నప్పుడే వారితో సమానంగా కూర్చోగలం. అవ్వ ఇచ్చిన మేజోళ్ళు నా పెట్టెలో భద్రంగా ఉన్నాయి. గుంటూరు ఎండలో వాటితో పనేముంది? అయినా పారేయబుద్ధి కాదు.

ఆలోచించి రాయండి:
1. పొయ్యి విషయంలో ఆ కుటుంబానికి ఎదురైన ఇబ్బంది ఏమిటి?
2. పరాయివారు మీకు చేసిన ఒక మేలు గురించి అయిదు వాక్యాలు రాయండి.