మా ముత్తాత నంబరు

ఇంగ్లండులో ఒక గని కూలీ మునిమనవరాలికి, తన ముత్తాత ఎవరో, ఎలా బతికాడో తెలుసుకోవాలనిపించిందనుకోండి. ఆమెకి దారి ఉంది. అక్కడ 1837 నుంచి పుట్టుక, పెళ్ళి, చావు ప్రభుత్వ రిజిస్టర్లలో ఎక్కుతున్నాయి. 1841 నుంచి పదేళ్ళకొకసారి జనాభా లెక్కల్లో ఇంటింటి మనుషుల పేర్లు, వయసు, చేసే పని రాసి పెట్టారు. వందేళ్ళు దాటాక ఆ కాగితాలు అందరికీ తెరుస్తారు. 1921 నాటివి 2022లో తెరిచారు. సెంటు భూమి లేనివాడు, సంతకం రానివాడు కూడా వాటిలో దొరుకుతాడు. వాడు సముద్రం దాటి మన దేశానికి వచ్చి ఇక్కడే చనిపోయినా, చర్చిలో రాసిన సమాధి వివరం నకలు లండన్‌కి వెళ్ళేది. అవి ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అలాంటి ఇంగ్లీషు కూలీలూ మా ముత్తాత లాంటివాళ్ళూ ఒకే బావిలోకి దిగారు. అది కోలార్ బంగారు గనులు, మనందరం కేజీఎఫ్ అనే ఊరు. 1880ల్లో లండన్ కంపెనీలు అక్కడ తవ్వకం మొదలుపెట్టినప్పుడు కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్ళని తెచ్చుకున్నాయి. కార్న్‌వాల్‌లో రాగి, తగరం గనులు దెబ్బతిని, అక్కడి మగవాళ్ళు పని వెతుక్కుంటూ దేశాలు పట్టిపోయిన కాలం అది. సొంత ఊళ్ళో వాళ్ళు కూలీలే. కేజీఎఫ్‌లో దిగేసరికి దొరలైపోయారు. వాళ్ళకి బంగళాలు, క్లబ్బు. మనవాళ్ళకి లైన్ ఇళ్ళు. 1902లో శివనసముద్రం నుంచి కేజీఎఫ్‌కి కరెంటు వచ్చింది. మన బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది మూడేళ్ళ తరవాత, 1905లో. ఆ కరెంటు గనికోసం వచ్చింది, లైన్ ఇళ్ళకోసం కాదు.

మా ఇంట్లో నాన్నది కన్నడ, అమ్మది తెలుగు. అమ్మ వైపు వాళ్ళది కేజీఎఫ్. మా అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, ఇప్పుడు మాతోనే ఉంటుంది. ఆమె తండ్రి గురించి ఇంట్లో అందరికీ తెలిసినవి మూడే ముక్కలు. కుప్పం పక్క పల్లెనుంచి నడిచి వచ్చాడు. గని లోపల రాతికి బెజ్జాలు వేసే పని చేశాడు. 1952లో టీబీతో పోయాడు.

మూడో ముక్క చిన్నదేం కాదు. తండ్రి పోయేనాటికి అవ్వకి ఆరేళ్ళు. పెళ్ళీడు వచ్చాక రెండు సంబంధాలు మాటల దాకా వచ్చి తప్పిపోయినాయి. "ఆ ఇంట్లో టీబీ ఉండాది, తాగుబోతు వంశం" అని లైన్లో అనుకునేవాళ్ళట. తాగి తాగి ఊపిరితిత్తులు చెడగొట్టుకున్నాడని సొంత చుట్టాలే చెప్పేవాళ్ళు. అవ్వ కూడా అదే నమ్మింది. డెబ్బై ఏళ్ళు తండ్రి మాట ఎత్తితే గొంతు తగ్గించి మాట్లాడింది. చరిత్ర క్లాసులో ఆధారాలు అంటే ఏమిటో చదువుతున్నప్పుడు నాకనిపించింది, ఈయనకి కూడా ఎక్కడో ఒక ఆధారం ఉండాలి కదా అని.

ముందు ఊరి వైపు నుంచి వెతికాను. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకు ముందు కుప్పం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. పైగా అది కంగుంది జమీందారీ. ఊళ్ళ లెక్కలు ఎవరు రాసినా భూమి కోసం, శిస్తు కోసం రాశారు. భూమి లేనివాడి పేరు ఆ లెక్కల్లోకి ఎందుకొస్తుంది? జనాభా లెక్కలు మనకీ 1881 నుంచి 2011 దాకా పదేళ్ళకొకసారి జరుగుతూనే వచ్చాయి. కానీ మనకి మిగిలింది అచ్చయిన మొత్తాలే. ఫలానా తాలూకాలో ఇంతమంది మగవాళ్ళు, ఇంతమంది ఆడవాళ్ళు అని. ఆ మొత్తంలో ఒకటిగా మా ముత్తాత ఉన్నాడు, అంతే. ఆయన పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో, పని చేసింది మైసూరు సంస్థానంలో, పని చేయించుకున్నది లండన్ కంపెనీ. మూడు చోట్ల కాగితాలు, మూడింట్లోనూ ఆయన పేరు దొరకదు.

గని వైపు నుంచి చూస్తే ఇంకో చిక్కు. కూలీల్లో చాలామందిని కంపెనీ నేరుగా పెట్టుకునేది కాదు. కాంట్రాక్టర్లు తెచ్చేవాళ్ళు. మనిషి పేరు మేస్త్రీకి తెలిస్తే చాలు. ఇవాళ ఈ గని, రేపు పక్క గని. అందుకే కూలీలందరినీ వేలిముద్రలతో నమోదు చేయాలని 1930లో ఒక ఏర్పాటు వచ్చింది. దాని మీద గనుల్లో పెద్ద సమ్మె జరిగింది. వేలకొద్దీ మనుషులు పని మానేశారు.

ఇది చదివినప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ నమోదు సాఫీగా జరిగి ఉంటే ఆయన పేరు, ఊరు, వయసు, వేలిముద్ర ఎక్కడో ఉండి ఉండేవేమో. నాకు కావలసిన రికార్డు అదే. దాన్ని వద్దన్నది ఆయన తోటివాళ్ళే. ఎందుకు వద్దన్నారో ఆలోచిస్తే అర్థమవుతుంది. వేలిముద్రలు అప్పట్లో పోలీసుల పని. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టింది నేరస్థులని గుర్తుపట్టడానికే. పొద్దున్నే లేచి పాతాళంలోకి దిగి రాయి కొట్టేవాడిని దొంగలా వేలు అద్దమంటే ఊరుకుంటాడా? పైగా ఒకసారి నమోదైతే, ఒక గనిలో గొడవపడ్డవాడికి ఇంకో గనిలో పని దొరకదు. కాగితంలో లేకపోవడమే వాళ్ళకున్న కొద్దిపాటి స్వేచ్ఛ. ఇంగ్లండు మునిమనవరాలికి ఉన్న సౌకర్యం నాకు లేదని అంతవరకు నాలో ఉన్న కోపం అక్కడ కొంచెం మారింది.

చివరికి దొరికింది ఏ ఆఫీసులోనూ కాదు, అవ్వ ట్రంకు పెట్టెలో. పాత రేషన్ కార్డు కింద ఒక ఇత్తడి బిళ్ళ, దానిమీద నంబరు. దాంతోపాటు నాలుగు మడతలు పెట్టిన ఒక ఇంగ్లీషు కాగితం. మడతల దగ్గర చిరిగిపోయింది. మా ముత్తవ్వకి చదువు రాదు, అవ్వకీ రాదు. డబ్బులిచ్చిన కాగితం అని మాత్రం తెలుసు, అందుకని పారేయలేదు. బిళ్ళ మీది నంబరే కాగితం మీదా ఉంది. పక్కన ఆయన పేరు, స్పెల్లింగు తప్పుగా. జబ్బు అన్న చోట ఒకే మాట: సిలికోసిస్. కింద ముత్తవ్వ బొటనవేలి ముద్ర.

సిలికోసిస్ తాగుడు వల్ల రాదు. కోలార్‌లో బంగారం ఉండేది పలుగురాతిలో. దానికి డ్రిల్లుతో బెజ్జం వేస్తే కంటికి కనపడని సన్న దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరి పుండై, మచ్చై గట్టిపడుతుంది. ఏళ్ళు గడిచాక ఆయాసం, దగ్గు, బరువు తగ్గడం. చూసేవాళ్ళకి అచ్చం టీబీలాగే ఉంటుంది. సిలికోసిస్ ఉన్నవాళ్ళకి టీబీ తగులుకోవడం కూడా సులువే. 1940లో మైసూరు సంస్థానం ఈ జబ్బుకి నష్టపరిహారం నియమాలు తెచ్చింది. 1940ల్లో కోలార్ గని పనివాళ్ళని వేల సంఖ్యలో పరీక్ష చేస్తే పదిమందిలో నలుగురికి పైగా ఇది కనపడింది. ఆ దుమ్ము కార్న్‌వాల్ కూలీనీ వదల్లేదు. వాళ్ళ ఊళ్ళలోనూ గని పనివాళ్ళు ఇలాగే దగ్గి దగ్గి పోయారు.

కాగితం అవ్వకి చదివి తెలుగులో చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది.

"అంటే మా నాయన తాగి సచ్చిపోలేదా పాపా?"

"లేదవ్వా. గని దుమ్ముతో పోయినాడు. డాక్టరే రాసుండాడు."

"కాగితంలో రాసుండారా?"

"రాసుండారు."

కొంచెంసేపు ఏమీ అనలేదు. తరవాత, "మా అమ్మకి ఇది చదివి చెప్పేవాళ్ళు ఒక్కరన్నా ఉండింటే" అంది. అంతకుమించి ఏడవలేదు. సాయంత్రం కేజీఎఫ్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, గొంతు తగ్గించకుండా, ఇల్లంతా వినపడేటట్టు చెప్పింది.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సయనైడ్ దిబ్బలు మిగిలాయి. మారికుప్పం నుంచి రోజూ పొద్దున రైలెక్కి బెంగళూరుకి పనికొచ్చే వాళ్ళ పిల్లలూ మనవలూ మిగిలారు. మన కాలేజీలో కూడా వాళ్ళలో కొందరున్నారు. నేను అడిగేది ఒక్కటే. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ పెట్టెలో, బీరువా అడుగున, దేవుడి పటం వెనక ఏ కాగితాలున్నాయో చూడండి. వాళ్ళకి చదవడం రాకపోతే చదివి వినిపించండి. ఆలస్యం చేయొద్దు, వినాల్సినవాళ్ళు మన మధ్య ఉండగానే.