ఫిడేలూ, వెంకమ్మగారి ముచ్చటా

ఏమండీ, భోగికి ఒకటి రెండు రోజుల ముందు ఎప్పుడైనా హైదరాబాదు నుంచి విజయవాడ వైపు బయల్దేరారా? పంతంగి టోల్‌గేటు దగ్గర ఆ కార్ల బారు చూశారా? ఒక్కోసారి నడిచి వెళ్ళేవాళ్ళే నయమనిపిస్తుంది. ఆ కార్లలో, వెనకాల కిక్కిరిసిన బస్సుల్లో ఉన్నది చాలామట్టుకు కుర్రకారే. మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్సు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, నోట్లో సగం ఇంగ్లీషు. ఏడాదంతా మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉండి, పండక్కి మాత్రం రాత్రంతా నిద్ర మానుకుని ఊరికి పోతున్నారు. ఎవరు పొమ్మన్నారు వాళ్ళను? ఎవరూ కాదు. అమ్మ అరిసెలు వండుతుంది, పొద్దున్నే వీధిలో భోగిమంట వేస్తారు, అంతే.

అందుకే, "పాశ్చాత్య వ్యామోహంలో పడి పిల్లలు పాడైపోయారండీ" అని ఎవరైనా మొదలుపెడితే నాకు తల ఊపబుద్ధి కాదు. పుట్టినరోజుకు కేకు కోస్తున్నారు, నిజమే. ఫిబ్రవరి 14న గులాబీలు ఇచ్చుకుంటున్నారు. అక్టోబరు ఆఖర్న అపార్టుమెంట్లలో దయ్యాల ముసుగులు వేసుకుని తిరుగుతున్నారు. శుభమా అని దీపం వెలిగించాల్సిన రోజున కొవ్వొత్తి ఊది ఆర్పడమేమిటని పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. ఆ నొప్పి నాకు అర్థమవుతుంది, మా ఇంట్లో దీపమే వెలిగిస్తాం. కానీ కేకు కోసినంత మాత్రాన పిల్ల పరాయిదైపోదు. బయటి సరుకు మన గుమ్మం దాటి రావడం ఇవాళ కొత్తా?

రండి, ఒకసారి విజయనగరం వెళ్ళొద్దాం.

ఆ ఊరి పేరు చెప్పగానే నాకు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు గుర్తొస్తారు. ఆయన చేతిలో ఉన్న ఫిడేలు, అదే వయొలిన్, ఎక్కడిది? యూరప్‌ది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. అన్నగారు కూడా తెల్లవాళ్ళ బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. వాటిలో ఒకటి ఏకంగా బ్రిటిష్ జాతీయగీతం వరస. నొట్టుస్వరాలని ఇప్పటికీ సంగీతం నేర్చుకునే పిల్లలకు చెబుతారు. దీక్షితులంతటివారు పరాయి పాట వింటే ఆయన కృతుల్లో రవ్వంతైనా తరుగు వచ్చిందా?

వయొలిన్‌ను మనవాళ్ళు ఉన్నదున్నట్టుగా తీసుకోలేదండీ, నాకు ముచ్చట గొలిపేది అదే. పాశ్చాత్యులు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనవాళ్ళు బాసింపట్టు వేసి కూర్చుని, ఒక కొసను గుండెకు ఆనించి, రెండో కొసను కుడిపాదం మీద ఆన్చారు. దాంతో ఎడమచేతికి వాయిద్యం మోసే పని తప్పింది. తీగ మీద వేలు జారడానికి, గమకం పలకడానికి దారి ఏర్పడింది. నాలుగు తీగల శ్రుతినీ షడ్జ పంచమాలకు మార్చారు. తోడి రాగం పలకాలంటే ఏం కావాలో తెలిసినవాళ్ళు గనక ఏం మార్చాలో కూడా వాళ్ళకు తెలిసింది.

విజయనగరంలో సంగీత కళాశాల 1919లో పెట్టారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. కాళ్ళకు గజ్జె కట్టి హరికథ చెప్పే ఆ మహానుభావుడు ఇంగ్లీషూ నేర్చాడు, షేక్‌స్పియర్‌ను కాళిదాసు పక్కన పెట్టి ఇద్దరినీ తెలుగులోకి దించి 'నవరసతరంగిణి' రాశాడు. ఆ కాలేజీకి ద్వారంవారు ఇరవయ్యారేళ్ళ వయసులో విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయించింది విని ఏకంగా అధ్యాపకుణ్ణి చేశారని చెబుతారు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. యెహుదీ మెనుహిన్ అంతటి పాశ్చాత్య విద్వాంసుడు ఆయన ఫిడేలు విని మెచ్చుకున్నాడు. ఘంటసాల మధూకరం ఎత్తుకుని చదువుకున్నది ఆ ఊళ్ళోనే, ఆ సంగీతమే. తర్వాత ఆయన గిటారుల మధ్య, పియానోల మధ్య నిలబడి పాడారు. ఆ గొంతు ఎక్కడిదని ఎవరైనా అడిగారా?

అదే విజయనగరంలో ఇంకో మనిషి కూడా తిరిగాడు. గురజాడవారి గిరీశం. 'కన్యాశుల్కం' నాటకం 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా మార్చి మళ్ళీ వేశారు. గిరీశానికి ఇంగ్లీషు పైపూత. శిష్యుడు వెంకటేశానికి చదువుకన్నా ముందు చుట్ట కాల్చడం అబ్బింది. అయితే నేను అసలు చెప్పదలుచుకున్నది గిరీశం గురించి కాదు, వెంకటేశం తల్లి వెంకమ్మ గురించి. కొడుకూ గురువుగారూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే వినాలని ఆవిడ ముచ్చట. సరేనని వాళ్ళిద్దరూ ట్వింకిల్ ట్వింకిల్ పద్యం ఒకరు, రేఖాగణితం పాఠంలో ముక్క ఒకరు, సంభాషణలాగా అప్పజెబుతారు. తల్లి మురిసిపోతుంది.

నూరేళ్ళు దాటింది కదా. ఇవాళ చుట్టాలు వస్తే, మూడేళ్ళ పాపను ముందుకు నెట్టి "అంకుల్‌కు రైమ్ చెప్పమ్మా" అనేది ఎవరండీ? మనమే. పద్యం చెప్పమని ఎన్ని ఇళ్ళలో అడుగుతున్నారు? "మావాడికి తెలుగు చదవడం రాదండీ" అన్నప్పుడు ఆ గొంతులో బాధ ఎంత, గొప్ప ఎంత? వెంకమ్మను చూసి నవ్వడానికి నాకు మనసొప్పదు. కొడుకు బాగుపడాలన్న ఆశ అది. బతుకుతెరువు ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషు నేర్పాల్సిందే. అందుకు తెలుగు ఎందుకు మాన్పించాలో నాకు బోధపడదు.

పంతంగి దగ్గర కనబడ్డ పిల్లల గురించి నాకు దిగులు లేదు. ముగ్గూ, బొమ్మల కొలువూ, పూతరేకుల మడతా, బతుకమ్మ పేర్చడం, ఇవన్నీ చూసి నేర్చుకునేవి. పండక్కి ఇంటికి వస్తే చాలు, పక్కన కూర్చుంటే వచ్చేస్తాయి. చదవడం అలా రాదు. చిన్నప్పుడు ఎవరో ఒకరు పక్కన కూర్చుని, వేలు పట్టుకుని దిద్దించాలి. అది తప్పిపోయిన పిల్ల ఫోనులో తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది, తప్పు పట్టను, భాష మీద ప్రేమ ఉండబట్టే కొడుతుంది. కానీ ఆ పిల్లకు గురజాడ అందడు, చలం అందడు, తాతగారు రాసిన ఉత్తరం కూడా అందదు. పాశ్చాత్యులు వచ్చి లాక్కుపోయింది కాదిది. మనం చేతికివ్వక జారిపోయింది. ఆ పాశ్చాత్య దేశాల్లోనే మనవాళ్ళు 2007లో మనబడి అనే తెలుగు బడి మొదలుపెట్టి పిల్లలకు అఆలు దిద్దిస్తున్నారు. ఇక్కడ ఉన్న మనకు రోజుకో పావుగంట దొరకదా?

మీ ఇంట్లో పదిహేనేళ్ళ కుర్రాడో పిల్లో ఉంటే ఈ సెలవుల్లో ఒక పని చేసి చూడండి. 'కన్యాశుల్కం' తెచ్చి రెండో అంకం అందరూ తలో పాత్ర తీసుకుని పైకి చదవండి. అది చదువుకునే పుస్తకం కాదు, మాట్లాడుకునే పుస్తకం. విజయనగరం యాస మొదట్లో కాస్త అడ్డుపడుతుంది, నాలుగు పేజీలకు నోరు తిరుగుతుంది. చదవడం రాని పిల్లైతే మీరు ముందు చదవండి, తను వెనకాల పలుకుతుంది, రెండో రోజుకు అక్షరాల మీద వేలు పెట్టి చూడటం మొదలుపెడుతుంది. గిరీశం వేషం పిల్లలకే ఇవ్వాలి, ఆ ఇంగ్లీషు వాళ్ళ నోట్లో బాగుంటుంది. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు వేషం తాతగారికి. వెంకమ్మను మాత్రం మనం, తల్లిదండ్రులం, తీసుకుందాం.