అమ్మ మతిమరుపు – చైనా మూలిక

మా అమ్మకు డెబ్బై ఆరేండ్లు. మూడేండ్లుగా మతిమరుపు ముదురుతూ వచ్చింది. ఒక్కొక్క రోజున నన్నే చూచి, "నువ్వు ఎవరింటి పిల్లవమ్మా?" అని అడుగుతుంది. డాక్టరు గారు దీనిని డిమెన్షియా అన్నారు. డోనెపెజిల్ మాత్ర వ్రాసి, ఇది జబ్బును నయం చేయదు, కొంతకాలం జ్ఞాపకానికి ఊతమిస్తుంది, అంతే అని ముందే చెప్పారు.

విదేశంలో ఉన్న మా తమ్ముడు ఫోను చేసి, "అక్కా, చైనావారి దగ్గర దీనికి మూలిక మందు ఉందట, పంపమంటావా?" అన్నాడు. కన్నతల్లి విషయం గదా, ఆశ పుట్టింది. అయినా ఆమె నోట వేసేముందు దాని సంగతి తెలిసికోవాలని చదవనారంభించాను.

ఆ మొక్క పేరు హుపెర్జియా సెర్రాటా. అడవుల్లో నీడపట్టున పెరిగే చిన్న మొక్క. పూర్వం చైనా వైద్యులు దీనిని దెబ్బలకు, వాపులకు, జ్వరానికి వాడేవారు. 1980ల్లో అక్కడి శాస్త్రజ్ఞులు దీనినుండి హుపెర్జిన్ ఎ అనే పదార్థాన్ని వేరుచేశారు. మన మెదడులో ఒక కణంనుండి మరొక కణానికి కబురు మోసే అసిటైల్‌కోలిన్ ఈ జబ్బులో తగ్గిపోతుంది. ఉన్న కాస్తా త్వరగా విరిగిపోకుండా హుపెర్జిన్ కాపాడుతుంది. కనుకనే 1990ల్లో చైనాలో దీనిని మందుగా అంగీకరించారు.

చైనాలో జరిగిన చిన్న పరిశోధనల్లో మేలు కనబడింది. అయితే అమెరికాలో 210 మంది రోగులతో పదహారు వారాలు జరిపి 2011లో ప్రకటించిన పరిశోధనలో, రోజుకు రెండుసార్లు 200 మైక్రోగ్రాములు తీసికొన్నవారికి ఉత్తుత్తి మాత్ర వేసికొన్నవారికంటే జ్ఞాపకం మెరుగుపడలేదు. చైనానుండే వచ్చిన గింకో చెట్టు ఆకుల సారాన్ని 3,069 మంది వృద్ధులతో సుమారు ఆరేండ్లు పరీక్షించారు. అదీ డిమెన్షియాను ఆపలేదని 2008లో తేలింది.

అలాగని మూలికలన్నీ వ్యర్థమనుకోకూడదు. చైనా పాత వైద్యగ్రంథం ఇచ్చిన ఆధారంతోనే తూ యూయూ అనే ఆమె 1970ల్లో మలేరియాకు ఆర్టెమిసినిన్ కనుగొన్నారు. 2015లో నోబెల్ బహుమతి పొందారు. పాత గ్రంథం దారి చూపింది, ఓపికగల పరీక్ష దానిని మందు చేసింది.

నన్ను ఆపిన సంగతి మరొకటి ఉంది. హుపెర్జిన్ చేసే పనీ, అమ్మ వేసికొనే డోనెపెజిల్ చేసే పనీ ఒకటే. రెండూ కలిస్తే వాంతులు, విరేచనాలు కలుగవచ్చు, నాడి నెమ్మదించి కళ్లు తిరిగి పడిపోవచ్చు. డాక్టరు గారిని అడిగితే, "రెండూ కలిపి వద్దమ్మా" అన్నారు. తమ్ముడికి అదే చెప్పాను. ఆ డబ్బుతో రాత్రులు అమ్మ దగ్గర పడుకొనే మనిషిని కుదుర్చుకొన్నాము.

ప్రియ చదువరులారా, మీ యింట కూడ ఇటువంటి పెద్దలుండవచ్చు. పసరైనా, పొడియైనా, పరదేశపు మాత్రయైనా ముందు డాక్టరుకు చూపించండి. పెద్దవారు అడిగిన మాటే పదిసార్లు అడిగినా విసుగుకోక జవాబు చెప్పండి. ఊరి పేరు, ఇంటివారి పేరు వ్రాసిన చీటీ వారి బట్టలకు కుట్టండి. వారు మన పేరు మరచినా, మన చేతి స్పర్శలోని ప్రేమను గుర్తుపడతారు.