వెలుగని పొయ్యి

గడచిన కార్తికమాసమున, ముసురు పట్టిన యొకనాటి వేకువను, అనుమసముద్రంపేటలోని మాయింట గ్యాసు సిలిండరు ఖాళీయయ్యెను. మా గృహిణి పుట్టినింటికి పోయియుండెను. మా తల్లిగారికి జ్వరము, వేన్నీళ్ళు కావలెను. పెరటి కట్టెలన్నియు తడిసియున్నవి. అప్పుడు అటకమీది పాత ఇత్తడి పంపుస్టవ్వు మాకు జ్ఞాపకమునకు వచ్చెను. దానిని దింపి తుడిచి, డబ్బా యడుగున మిగిలిన కిరసనాయిలును గుడ్డతో వడగట్టి పోసితిమి.

ఇట్టి స్టవ్వును 1892లో స్వీడను దేశమున ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్టు నిర్మించెనని మే మెరుగుదుము. గాలి యొత్తిడిచే నూనె పైకెక్కును. కాగిన బర్నరులో నావిరియగును. ఆ యావిరి సన్నని రంధ్రమునుండి వెడలి గాలితో కలిసి నీలిమంటగా మండును. ఇంతయు నెరిగియు, దానిని వెలిగించుటమాత్ర మెన్నడు నెరుగము.

పంపు కొట్టితిమి. అగ్గిపెట్టెలో సగము పుల్లలు ఖర్చయినవి గాని ఫలము లేదు. రంధ్రము పూడినదని తలచి పిన్నుతో పలుమారు పొడిచితిమి. మంచముమీదనుండి మా తల్లిగారు, "ఊరికే పొడుస్తావెందుకు నాయనా? ముందు గాలి ఎక్కుతుందా లేదా చూడు" అనిరి. చూడగా పంపుకడ్డీ చేతికి బరువు తగులక జారిపోవుచుండెను. లోపలి తోలువాషరు ఎండి ముడుచుకొనియున్నది. ఆమె చెప్పినట్లే కొబ్బరినూనెలో నానబెట్టి, అంచు విప్పార్చి బిగించితిమి.

ఇప్పుడు గాలి యెక్కెను. ఆత్రముచే బర్నరును కాచకయే మరల వెలిగించితిమి. ఆవిరికాని నూనె చిమ్మి, పచ్చనిమంట మూరెడెత్తున లేచెను, ఇల్లంతయు పొగ. పొగయున్నచోట నిప్పుండునను తర్కశాస్త్ర దృష్టాంతమును ఏటేట బోధించు మాకు, పొగ యింతయుండియు పనికివచ్చు నిప్పు లేకుండుట యానాడే కనబడెను. మేము దిగ్భ్రమ చెంది నిలిచియుండగా మా తల్లిగారు వణకుచు లేచి వచ్చి, ఒక గుడ్డతో గాలిమరను పట్టి విప్పిరి. గాలి వెడలిపోయెను, మంట యణగెను.

"చల్లారనీ. వేడిమీద స్పిరిటు పోస్తే చెయ్యి కాలుతుంది" అని యామె యనగా, ఆమె మణికట్టునందలి మచ్చను మేము మొదటిసారి పరికించి చూచితిమి. అడిగితిమి. "నీ పదో తరగతి పరీక్షలప్పటిది" అనిరి. ఆ పరీక్షలకు తెల్లవారుజామున లేచి, సిద్ధముగా నున్న వేన్నీళ్ళతో స్నానముచేసి చదివితిమి. ఆ నీళ్ళు ఎట్లు కాగినవో ముప్పదియేండ్లు అడుగలేదు.

చల్లారిన పిదప, ఔషధపుపెట్టెలోని స్పిరిటును బర్నరు క్రింది గిన్నెలో పోసి వెలిగించి, అది ఆరబోవువరకు ఓపికపట్టి, మెల్లగా పంపు కొట్టితిమి. నీలిమంట హోరున లేచెను.

చదువరులారా, మా బాల్యమున "స్టవ్వు పేలి కోడలి మరణము" అను వార్త పత్రికలలో తరచుగా కనబడుచుండెను. పెట్రోలు కలిసిన నూనెవలనను, చెడిన మరలవలనను నిజముగా ప్రమాదములు జరుగును. కాని మనుష్యుల చేతులు చేసిన పనికిని స్టవ్వే సాకైనది. అందుచేతనే 1983లో భార్యపట్ల క్రూరత్వమును, 1986లో వరకట్న మరణమును శిక్షాస్మృతిలో ప్రత్యేకనేరములుగా చేర్చిరి. వివాహమైన ఏడేండ్లలోపల స్త్రీ కాలిన గాయములచే గాని అసహజముగా గాని మరణించి, అంతకు కొలదికాలము ముందు కట్నమునకై హింసింపబడెనని రుజువైనచో, అది వరకట్న మరణమగును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితయందు నిది 80వ సెక్షనుగా నిలిచినది. చట్టము మంచిదే. కాని ఇంటి పొయ్యిని ఎన్నడును ముట్టనివాడు, "పేలినది" అని యెవరైన చెప్పగానే నమ్మును. ఏ మర చెడెను? గాలి యెవరు కొట్టిరి? నూనెలో నేమి కలిసెను? అని యడుగుట కతనికి జ్ఞానము లేదు. ఆ యజ్ఞానమే దోషికి మరుగైనది.

సిలిండరు మరునాడు వచ్చెను. స్టవ్వును మరల అటకెక్కించితిమి. కాని నాటినుండి మా పదునాలుగేండ్ల కుమారుడు రెగ్యులేటరు బిగించుట, రబ్బరుగొట్టము పరీక్షించుట నేర్చుకొనుచున్నాడు. మేమును వానితో నేర్చుకొనుచున్నాము. వేకువను నాయనమ్మకు వేన్నీళ్ళు పెట్టునది వాడే. మొదటినాడు చెంబు ముట్టి చూచి ఆమె, "కాస్త ఎక్కువ కాగినాయిలే" అని చల్లనీళ్ళు కలుపుకొనిరి.