లంజిపల్లి నుంచి గంగోత్రికి

మా దేవుడి గూట్లో ఒక చిన్న రాగి చెంబు ఉంది. మూతికి సీలు వేసిన కాశీ చెంబు. మా నాన్నగారు కాశీయాత్ర చేసి వచ్చినప్పుడు తెచ్చినవాటిలో అదొక్కటే మిగిలింది. తక్కినవన్నీ గంగా సమారాధన నాడే బంధువులకు పంచేశారు. మొన్న సంక్రాంతికి ఆ చెంబును చింతపండుతో తోముతూ మా అమ్మ ఉన్నట్టుండి అంది, "మీ నాన్న నాకు కాశీ దాకా చూపించారురా. గంగ పుట్టినచోటు నువ్వు చూపించు."

అమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. బి.పి. ఉంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. మా ఇల్లు బరంపురంలోని లంజిపల్లిలో. మేం సముద్రపు గాలికి అలవాటుపడిన మనుషులం. ఉక్కపోత తెలుసు, తుఫాను తెలుసు. మంచు అంటే మాత్రం ధనుర్మాసంలో తెల్లవారుజామున పొలాల మీద పరుచుకునే పొగమంచే. అలాంటివాళ్ళం హిమానీనదం పక్కనున్న ఊరికి ఎలా వెళతాం?

మొదట తప్పించుకోవాలనే చూశాను. "అమ్మా, 2016 నుంచి పోస్టాఫీసులోనే గంగోత్రి నీళ్ళు సీసాల్లో అమ్ముతున్నారు. తెప్పించనా?" అన్నాను. అమ్మ నా ముఖంలోకి చూసి, "పెళ్ళికి వెళ్ళకుండా అక్షింతలు పోస్టులో తెప్పించుకున్నట్టుంటుంది. నీళ్ళు కావాలని ఎవరన్నారు? చూస్తానన్నాను," అంది. ఇక చేసేది లేక కాగితం, కలం తీసుకున్నాను.

మన పెద్దలకు కాశీయే పొలిమేర. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి పల్లకీలో, పరివారంతో బయలుదేరి, కాశీ సేవించి, జగన్నాథం, మన గంజాం మీదుగా 1831 సెప్టెంబరుకు ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైబడిన ప్రయాణం! అంతటి యాత్రికుడు కూడా గంగోత్రి దాకా వెళ్ళలేదు. ఇప్పుడు వారం రోజుల్లో చేరవచ్చు. అయితే తొందరగా చేరగలగడమే అక్కడి ప్రమాదమని మాకు తరువాత తెలిసింది.

గంగోత్రి ఉత్తరాఖండ్ రాష్ట్రం ఉత్తరకాశి జిల్లాలో ఉన్న చిన్న ఊరు. గుడి, కొన్ని సత్రాలు, హోటళ్ళు, వాటి పక్కనే హోరున పారే భాగీరథి. దేవప్రయాగలో అలకనంద కలిశాకే ఆ నదికి గంగ అని పేరు. గుడి తలుపులు అక్షయ తదియకు తెరుస్తారు, దీపావళి మరునాడు మూస్తారు. ఆ తరువాత అమ్మవారి ఉత్సవమూర్తిని కొంత దిగువనున్న ముఖ్‌బా గ్రామానికి తీసుకుపోతారు. చలికాలమంతా పూజలు అక్కడే.

ఊరి ఎత్తు సుమారు 3,100 మీటర్లు. మనకు తెలిసిన కొలతలో చెప్పాలంటే, మన మహేంద్రగిరి 1,501 మీటర్లు. ఒక మహేంద్రగిరి మీద ఇంకో మహేంద్రగిరిని నిలబెడితే గంగోత్రి ఎత్తుకు ఇంచుమించు వస్తుంది. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మన తీరంలో అందేదాంట్లో సుమారు 70 శాతమే.

ఈ లెక్కలు పట్టుకుని మా డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాం. ఆయన వద్దనలేదు, సరేననీ అనలేదు. "2,500 మీటర్లు దాటితే కొండజబ్బు ఎవరికైనా రావచ్చు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, ఆయాసం కనిపిస్తే ఓర్చుకుని కూర్చోకూడదు, కిందికి దిగిపోవాలి. ముందు ఎక్కడికైనా తీసుకెళ్ళి చూడండి," అన్నారు. పరీక్షగా దారింగ్‌బాడి తీసుకెళ్ళాం. అది మూడువేల అడుగుల ఊరే, గంగోత్రితో పోలికే లేదు. అయినా ఘాట్ రోడ్డు మలుపులకు అమ్మ తట్టుకుంటుందా, చలికి ఆయాసం పెరుగుతుందా అన్నవి తెలిశాయి. తట్టుకుంది. తిరుగు దారిలో వాంతి చేసుకున్నది నేనే. ఆ సంగతి అమ్మ లంజిపల్లి ఓవర్‌బ్రిడ్జికి ఇటూ అటూ ఉన్న చుట్టాలందరికీ చెప్పింది.

తరువాతి ప్రశ్న ఎప్పుడు వెళ్ళాలని. మే, జూన్ నెలల్లో జనం విపరీతం. జూలై, ఆగస్టుల్లో వానలు, కొండచరియలు. 2025 ఆగస్టు 5న గంగోత్రికి సుమారు ఇరవై కిలోమీటర్ల ముందున్న ధరాలి గ్రామం మీదికి ఖీర్ గాడ్ అనే వాగు బురదను, బండరాళ్ళను మోసుకొచ్చింది. కళ్ళ ముందే ఇళ్ళు, హోటళ్ళు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. ఆ దృశ్యాలు టీవీలో చూసినవాళ్ళం, మరిచిపోలేం.

మేమూ ప్రళయం చూసినవాళ్ళమే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. కానీ అది వస్తోందని రోజుల ముందే చెప్పారు. ఒడిశా తీరంలో దాదాపు పది లక్షలమందిని ముందే తరలించారు. కొండవాగు అలా కబురు పెట్టి రాదు. మనకు తెలిసిన జాగ్రత్తలు అక్కడ చాలవు. అందుకే వానకాలం మాటే తలపెట్టకుండా, దసరా సెలవులకు ముహూర్తం పెట్టుకున్నాం. అప్పటికి వానలు వెనకబడతాయి. రాత్రుళ్ళు చలి సున్నా దగ్గరికి దిగినా, చలికి ఉన్ని బట్టలు ఉన్నాయి, బండరాళ్ళకు ఏమున్నాయి?

ఇక నా సంగతి. గంగోత్రి నుంచి పద్ధెనిమిది కిలోమీటర్లు నడిస్తే గోముఖం. చీర్‌బాసా, భోజ్‌బాసా దాటి వెళ్ళాలి. సుమారు 4,000 మీటర్ల ఎత్తున, మంచు గోడ కింద నుంచి భాగీరథి బయటికి వస్తుంది. ఆ హిమానీనదం పొడవు దాదాపు ముప్ఫై కిలోమీటర్లు, అంటే మా ఇంటి నుంచి గోపాల్‌పూర్ వెళ్ళి తిరిగి వచ్చినంత! అది చూడాలని నాకు చిన్నప్పటి కోరిక. అమ్మను, మా ఆవిడను గంగోత్రిలో దించి, రెండు రోజులు నడిచి రావచ్చని లోలోపల అనుకున్నాను.

ఆ మాట పైకి అనగానే మా ఆవిడ, "అత్తయ్యగారికి రాత్రిపూట ఆయాసం వస్తే నేను ఎవరిని పిలవాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గోముఖానికి రోజుకు 150 మందికే అనుమతి. మా అమ్మాయి తన స్నేహితులతో కలిసి ఆ అనుమతికి ప్రయత్నిస్తానంది. నేను అమ్మ దగ్గర ఉండాలని తేలింది. చిన్నబుచ్చుకోలేదంటే అబద్ధం అవుతుంది.

పైగా ఆ మంచు గోడ ఎప్పుడూ ఒకచోట ఉండేది కాదు. 1935 నుంచి చూస్తే కిలోమీటరుకు పైగా వెనక్కి జరిగింది. ఈ మాట విని అమ్మ కంగారుపడింది, "మంచంతా కరిగిపోతే గంగ ఎండిపోతుందా?" అని. మా అమ్మాయి విడమరిచి చెప్పింది, "లేదు నాన్నమ్మా, కింద మైదానాల్లో గంగకు ఎక్కువ నీళ్ళు వానల నుంచి, ఊటల నుంచి, ఉపనదుల నుంచే వస్తాయి. కానీ పైన కొండల్లో, ఎండాకాలంలో మంచు నీళ్ళే ఆధారం. ఇబ్బంది ముందు వాళ్ళకే." అమ్మ కాసేపు ఊరుకుని, "అయితే చూడాల్సిందే," అంది.

మా ఏర్పాట్లు ఇవి. బరంపురంలో రైలెక్కి ఖుర్దారోడ్డులో మారతాం. అక్కడి నుంచి ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రులు, రుషీకేశ్ దాకా. ఒక రోజు విశ్రాంతి. అక్కడి నుంచి ఒక పగలు కారులో ఉత్తరకాశి, రెండు రాత్రులు మకాం. చీకటి పడ్డాక కొండదారిలో ప్రయాణం లేదు. తరువాత సుమారు 2,600 మీటర్ల ఎత్తులో ఆపిల్ తోటల హర్సిల్‌లో రెండు రాత్రులు. గంగోత్రి అక్కడికి పాతిక కిలోమీటర్లే. పొద్దున వెళ్ళి, దర్శనం చేసుకుని, సాయంత్రానికి హర్సిల్‌కు దిగివస్తాం. పైన రాత్రి నిద్ర వద్దని డాక్టరుగారి సలహా. దారి మూసుకుపోతే ఆగడానికి మూడు రోజులు ఖాళీ ఉంచాం. యాత్రికుల నమోదు తప్పనిసరి కనుక అది ముందే చేయించాలి. వృద్ధులతో వెళ్ళదలచినవారు నమోదు కన్నా ముందు డాక్టరును కలవండి, ఇదొక్కటే నా మనవి.

అన్నీ రాశాక ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎక్కడైనా ఒంట్లో బాగులేకపోతే, లేదా వాతావరణం తేడాగా ఉంటే, అక్కడి నుంచే వెనక్కి. ఎవరూ అలగకూడదు. ఇది అమ్మతో ఎలా చెప్పాలా అని నేను నానుస్తుంటే, ఆవిడే తేల్చేసింది. "ఉత్తరకాశిలో విశ్వనాథుడి గుడి ఉందన్నావు కదా. నాకు ఓపిక లేకపోతే అక్కడే కూర్చుంటాను. అదీ కాశీయే. ఈ చెంబు మాత్రం నువ్వు పైకి తీసుకెళ్ళు."

"అక్కడి నీళ్ళు పట్టుకురావాలా?" అన్నాను.

"కాదురా. ఇన్నేళ్ళు మన ఇంట్లో ఉంది. ఒక్కసారి పుట్టింటికి తీసుకెళ్ళి, సీలు విప్పి, ఆ నీళ్ళలో కలిపేసి రా. మీ నాన్న పేరు చెప్పి."

ఉన్ని శాలువాలు ఎండలో వేశాం. చెంబు మళ్ళీ గూట్లోనే ఉంది. దసరాకు ఇంకా రోజులున్నాయి. తిరిగి వచ్చాక, దేవుడి దయ ఉంటే, రెండో భాగం రాస్తాను. ఈలోగా మీలో ఎవరైనా బయలుదేరుతుంటే, క్షేమంగా వెళ్ళి లాభంగా రండి.